చల్లని నీటిలో ఊపిరి



నేడు నేను చెప్పబూనినది చల్లని సముద్రములలో మునిగి, నీటి యడుగుననే ఊపిరి పీల్చుచు సంచరించు విద్యను గూర్చి. దీనిని స్కూబా అని పిలుతురు. "నల్లగొండకును పాలమూరునకును సముద్రమెంత దూరము! రాళ్ళును తుమ్మలును గల మన మెట్టసీమవారికి ఈ విద్యతో నేమి పని?" అని మీలో కొందరనుకొనవచ్చును. సముద్రము మనకు లేని మాట నిజమే. కాని మనకు బావులున్నవి, చెరువులున్నవి, కృష్ణానది యున్నది, నాగార్జునసాగర జలాశయమున్నది. నీరున్న ప్రతిచోటను మునుగువాడొకడుండును. అతడు సముద్రమున మునిగినను బావిలో మునిగినను ప్రకృతి విధించిన శాసనమొక్కటే. ఆ శాసనమును ప్రాణములొడ్డి, లెక్కలు కట్టి తెలిసికొన్నవారు సముద్రమున మునిగినవారు. వారు నేర్చినదానిలో మన బావిగట్టునకు పనికివచ్చునది చాల కలదు.

నీటిలో దాగినవాడనగనే మనకు స్ఫురించువాడు దుర్యోధనుడు. యుద్ధమున సర్వమును కోల్పోయి, పదునెనిమిదవనాడు అతడు ద్వైపాయన హ్రదమును జొచ్చి, జలస్తంభన విద్యచే నీటిని కదలకుండ నిలిపి యందు పరుండెనని భారతకథ. హరికథలలోను యక్షగానములలోను ఈ ఘట్టమును విన్నప్పుడెల్ల బాల్యమున నాకొక సందేహము కలుగుచుండెడిది. అతడు లోపల ఊపిరి యెట్లు పీల్చెను? మా గురువుగారినడిగితిని. ఆయన నవ్వి, "మంత్రబలమురా" అనిరి. "మంత్రము లేనివాని సంగతి యేమి?" అని మరల నడిగితిని. "మంత్రము లేనివాడు మోటబావిలో దిగి చూచుకొనవలె" అనిరి.

మేము దిగి చూచుకొంటిమి. నడుమునకు మునగబెండ్లు కట్టుకొని ఈత నేర్చిన పిల్లలము. బెండ్లు విప్పినపిమ్మట మాకు బావి యడుగు చూడవలెనను కోరిక పుట్టినది. బొప్పాయి యాకుకాడ బోలుగా నుండును గదా. దాని నొక కొనను నోటబెట్టుకొని, రెండవ కొనను నీటిపైకి నిలిపి, మునిగి ఊపిరి పీల్చి చూచితిమి. మూరెడు లోతున నెట్లో సాగినది. రెండు మూడు కాడలు కలిపి నిలువు లోతునకు దిగగానే రొమ్ముపై రోకలి పెట్టినట్లయ్యెను. కాడలో గాలి యున్నది, నోరు తెరచియే యున్నది, కాని రొమ్ము పొంగదు. కారణమేమో ఆనాడు మాకు తెలియలేదు.

కారణమిది. మనము నేలపై నిలిచియుండగనే మన నెత్తిపైనున్న గాలి యంతయు మనలను నొక్కుచునే యున్నది. దాని బరువు చదరపు సెంటీమీటరునకు సుమారు ఒక కిలోగ్రాము. పుట్టినది మొదలు దానియందే యున్నాము గావున మనకది తెలియదు. నీరు గాలికంటె బహుభారమైనది. పది మీటర్లు, అనగా ముప్పదిమూడు అడుగులు, మన లెక్కన అయిదున్నర బారలు దిగినచో, ఆ నీటి బరువొక్కటియే మీది గాలి యంతటి బరువుతో సమానమగును. కావున అక్కడ రెండు గాలుల యొత్తిడి. ఇరువది మీటర్ల లోతున మూడు, ముప్పది మీటర్ల లోతున నాలుగు. కాడగుండ వచ్చు గాలి నేలమీది యొత్తిడితో వచ్చును. రొమ్మును నొక్కు నీరు అంతకుమించిన యొత్తిడితో నొక్కును. ఆ రెంటి పోరులో రొమ్మే యోడును. లోతున నున్నవానికి ఆ లోతునకు తగిన యొత్తిడి గల గాలినే యందింపవలెను. ఈ విద్యకంతటికిని మూలసూత్రమిదియే.

రెండవ పరీక్ష బిందెతో చేసితిమి. ఖాళీ బిందెను బోర్లించి నీటిలోనికి నిలువున దింపినచో అందలి గాలి బయటికి పోదు. లోతునకు పోయినకొలది నీరు బిందెలోనికి కొంచెము కొంచెముగా ఎక్కును. అయిదున్నర బారల లోతునకు దింపగలిగినచో బిందెలో సగము నీరు, సగము గాలి యుండును. గాలి పోలేదు, అణగి సగమైనది. పైకి తెచ్చినచో మరల బిందె నిండ వ్యాపించును. ఒత్తిడి రెట్టింపైనచో గాలి పరిమాణము సగమగునను ఈ నియమమును రాబర్టు బాయిలు 1662లో ప్రకటించెను. ఈ బిందెను మరువకుడు. మనుష్యుని ఊపిరితిత్తులును ఇట్టి బిందెయే యని ముందు చెప్పబోవుచున్నాను.

ఇక యంత్రము మాట. 1943లో ఫ్రాన్సు దేశమున నౌకాదళోద్యోగియైన జాక్ ఈవ్ కూస్తో అనువాడును, ఎమీల్ గాన్యాన్ అను ఇంజనీరును కలిసి ఒక సాధనమును సిద్ధపరచిరి. వీపున ఇనుప సిలిండరు, అందు మిక్కిలి యొత్తిడితో నింపిన గాలి, అందుండి నోటికొక గొట్టము, నడుమ రెగ్యులేటరను ఒక కవాటము. మనుష్యుడు ఊపిరి పీల్చినప్పుడు మాత్రమే ఆ కవాటము తెరచుకొని, చుట్టునున్న నీటి యొత్తిడి యెంతయో సరిగా అంత యొత్తిడి గల గాలిని విడుచును. పీల్చుట మానగనే మూతపడును. మా బొప్పాయికాడ చేయలేని పనిని ఈ కవాటము చేసినది. అంతకు పూర్వము సాధారణముగా మునుగువాడు ఓడమీదనుండి వచ్చు గొట్టమునకు బద్ధుడై, గుమ్మడికాయవంటి రాగి శిరస్త్రాణమును ధరించి, బరువైన పాదరక్షలతో అడుగున నడచెడివాడు. కూస్తో సాధనముతో చేపవలె స్వేచ్ఛగా తిరుగసాగెను.

సిలిండరులో నున్నది ప్రాణవాయువని పలువురు తలంతురు. సామాన్యముగా అందుండునది మనము పీల్చు గాలియే. దుమ్మును తేమయు లేకుండ వడగట్టి నింపుదురు. వట్టి ప్రాణవాయువును లోతున పీల్చినచో అదియే విషమై మూర్ఛ తెప్పించును. ఆరు మీటర్లు దాటిన లోతున దానిని పీల్చరాదని నియమము. ఇక గాలి యెంతసేపు వచ్చును? పన్నెండు లీటర్లు పట్టు సిలిండరులో రెండువందల రెట్లు ఒత్తి నింపినచో 2400 లీటర్ల గాలి యుండును. నిమిషమునకు ఇరువది లీటర్లు పీల్చువానికి అది నేలమీద రెండు గంటలు వచ్చును. పది మీటర్ల లోతున ప్రతి శ్వాసయందును రెట్టింపు గాలి పట్టును గావున గంటయే. ముప్పది మీటర్ల లోతున అరగంటయే. ఇందును కొంత గాలిని ఆపదకై మిగిల్చి పైకి రావలెను. బెదరినవాడు రొప్పుచు పీల్చును. వానికి ఇదియు రాదు. కావున ఈ విద్యలో శాంతముగా నుండుటయే మొదటి పొదుపు.

ఇప్పుడు బిందె మాటకు వత్తము. మన బావిలో మునుగువాడు గట్టుమీద ఊపిరి బిగబట్టి దిగును. లోపల అతని రొమ్ములోని గాలి యణగును. పైకి రాగానే మొదటి పరిమాణమునకు వచ్చును. అపాయము లేదు. స్కూబాలో నట్లు కాదు. అతడు పది మీటర్ల లోతున ఊపిరితిత్తుల నిండ ఆ లోతునకు తగిన గాలిని పీల్చినాడు. ఏదో చూచి భయపడి, బావిలో నేర్చిన అలవాటుచొప్పున ఊపిరి బిగబట్టి పైకి లేచినాడనుకొనుడు. ఆ గాలి పైకి వచ్చుకొలది పొంగి రెట్టింపగును. బిందెకు నోరున్నది, మిగిలిన గాలి బుడగలై పోవును. ఊపిరి బిగబట్టినవానికి నోరు మూతపడియున్నది గదా! ఊపిరితిత్తులు చినిగి, గాలి రక్తమున ప్రవేశించి, మెదడునకెక్కి, క్షణములో ప్రాణము పోవచ్చును. దీనికి మహాలోతు కూడ అక్కరలేదు. ఒక బార పైకి లేచినంతనే హాని కలుగవచ్చును. కావుననే ఈ విద్య నేర్పు గురువులు మొట్టమొదట బోధించునది "ఊపిరి ఎన్నడును బిగబట్టకుము" అని. చూడుడు, బావిలో ప్రాణమును కాపాడు అలవాటే సముద్రమున ప్రాణమును తీయుచున్నది.

బావిలో మునుగువానికి మాత్రము అపాయము లేదా? అది వేరొక రూపమున నుండును. మా చిన్ననాడు ఎవరెక్కువసేపు మునిగియుందురో యని పందెములు వేసికొనెడివారము. మాలో నొకడు మునుగుటకు ముందు పది పదునైదుసార్లు వడివడిగా గట్టిగా ఊపిరి తీసి విడిచి, తరువాత మునుగుచుండెడివాడు. అందరికంటె అతడే గెలిచెడివాడు. ఒకనాడతడు పైకి రాలేదు. పక్కమెట్టుపై బట్టలు పిండుకొనుచున్న పెద్దాయన యొకడు దుమికి, జుట్టు పట్టి లాగి గట్టున వేసెను, దైవవశమున బ్రతికెను. "దయ్యము పట్టినద"నిరి. శాస్త్రము చెప్పునది వినుడు. మనకు ఊపిరాడక తహతహ పుట్టించునది ప్రాణవాయువు తగ్గుట కంటె, రక్తమున బొగ్గుపులుసు వాయువు పెరుగుటయే. వడివడిగా ఊపిరి విడిచినవాడు ఆ వాయువును ముందే బయటికి నెట్టివేయును. అందుచే లోపల ప్రాణవాయువు ముగిసిపోవుచున్నను వానికి తహతహ కలుగదు. హెచ్చరిక లేకయే స్మృతి తప్పును. ఈ పందెములు నేటికిని మన పిల్లలు వేయుచునే యున్నారు.

స్కూబావానికి గల రెండవ శత్రువు గాలిలోని నత్రజని. గోలీసోడా మీరందరును చూచియున్నారు. గోలీ బిగిసియున్నంతవరకు సోడాలో బుడగ కనబడదు. గోలీ నొక్కగనే బుస్సుమని బుడగలు లేచును. ఒత్తిడిచే నీటిలో కరగియున్న వాయువు ఒత్తిడి తొలగగనే బయటపడుటయే యిది. లోతున చాలసేపున్నవాని రక్తమాంసములలో నత్రజని యిట్లే కరగును. నెమ్మదిగా పైకి వచ్చినచో ఊపిరితోబాటు అది వెలికిపోవును. తటాలున వచ్చినచో కీళ్ళలోను వెన్నుపాములోను బుడగలై నిలిచి, భరింపరాని నొప్పులను, పక్షవాతమును, ఒక్కొక్కప్పుడు మరణమును కలిగించును. అమెరికాలో బ్రూక్లిన్ వంతెనకు నదీగర్భమున పునాదులు తీయునప్పుడు, ఒత్తిన గాలి నింపిన పెట్టెలలో పనిచేసిన కూలీలు అనేకులు ఈ వ్యాధి పాలైరి. ఆ వంతెన నిర్మాతయైన వాషింగ్టన్ రోబ్లింగ్ సయితము 1872లో దీనిచే మంచము పట్టెను. 1883లో వంతెన ముగియువరకును అతని భార్య యెమిలీ అతని యాజ్ఞలను పనివారికి అందించుచు పని నడిపించెను.

ఈ బుడగల వ్యాధికి లెక్క కట్టినవాడు జాన్ స్కాట్ హాల్డేన్ అను శాస్త్రజ్ఞుడు. అతడు పరీక్షించినది మేకలను. గొర్రెలమేకల మందలు గల మన సీమవారికి ఇది వినోదముగా నుండును. మేకలను ఇనుపగదిలో నుంచి, గాలి యొత్తిడి పెంచి, మరల తగ్గించి చూచెను. తటాలున తగ్గించినప్పుడు మేక ముంగాలెత్తి కుంటుచు నిలిచెడిది. మెట్టుమెట్టుగా తగ్గించినప్పుడు సుఖముగా నుండెడిది. ఏ లోతున నెంతసేపున్నవాడు ఏయే మెట్టున నెంతసేపు ఆగి పైకి రావలెనో అతడును అతని సహచరులును 1908లో పట్టికలు ప్రకటించిరి. నేటి లెక్కలు చాలవరకు దానినుండి పెరిగినవే. సాధారణముగా మునుగువారు నేడు నిమిషమునకు పది మీటర్లకు మించని వేగముతో వత్తురు. అయిదు మీటర్ల లోతున మూడు నిమిషములు ఆగుదురు. ముప్పది మీటర్లు దాటినచో ఇదే నత్రజని కల్లు త్రాగినట్లు మత్తెక్కించును. మత్తెక్కినవానికి తనకు మత్తెక్కినదను తెలివి యుండదు గదా. కావున ఒంటరిగా మునుగరాదని నియమించిరి.

ఇంతవరకు చెప్పినది వెచ్చని సముద్రమునకును చల్లని సముద్రమునకును సమానమే. ఇక చలి మాట. మన బావినీరు చలికాలపు తెల్లవారున వెచ్చగాను, మండువేసవిలో చల్లగాను తోచును. నిజమునకు భూమి లోపలినుండి ఊరు నీరు ఏడాది పొడుగున ఇంచుమించు ఒకే రీతిగా నుండును. మారునది పై గాలి. మన యొంటి వేడి 37 డిగ్రీలు. కాలిఫోర్నియాలో మాంటెరే అను తీరమొకటి కలదు. అక్కడి సముద్రము ఏడాది పొడుగున పది మొదలు పదునైదు డిగ్రీల ప్రాంతముననే యుండును. ఉత్తరమునుండి దిగు చల్లని ప్రవాహమును, అడుగునుండి పైకి లేచు చల్లని నీరును దానికి కారణము. ఆ చల్లదనముననే కెల్పు అను సముద్రపు నాచులు తాటిచెట్లంత యెత్తున పెరిగి, నీటిలోనే యడవులై నిలుచును. వానిని చూచుటకు లోకము నలుమూలలనుండి మునుగువారు వత్తురు. ఆ తీరమునకు రెండు గంటల ప్రయాణములోపలనున్న సాన్‌హోసే ప్రాంతమున మన తెలుగుబిడ్డలు అనేకులు కాపురమున్నారు. మీ మనుమలో మనుమరాండ్రో ఆ నీట దిగినను ఆశ్చర్యపడ బనిలేదు.

అట్టి నీరు గాలికంటె సుమారు ఇరువదియైదు రెట్లు వడిగా ఒంటి వేడిని లాగివేయును. తగిన ఉడుపు లేక అందు పడినవానిని మొదటి నిమిషమే చంపవచ్చును. చలి తగులగనే అప్రయత్నముగా పెద్ద ఊపిరి లాగుదుము. తల నీటిలో నున్నచో ఆ ఊపిరి నీరే. తరువాత రొప్పు పుట్టును, గుండె దడదడలాడును. ఆ నిమిషము గడచి బ్రతికినవానికి పది నిమిషములు దాటినకొలది వ్రేళ్ళు పట్టుదప్పును, తాడిచ్చినను పట్టుకొనలేడు. ఒంటి వేడి తగ్గి స్మృతి తప్పుట అటుపిమ్మట, అరగంటయో గంటయో గడచిన తరువాత. కావున చల్లని నీట పడినవాడు మొదటి నిమిషమున ఈదుటకు కొట్టుకొనక, ముఖము పైకెత్తి తేలి, ఊపిరి కుదుటపడువరకు నిలుచుట మేలు.

దీనికి ప్రతిక్రియ యేమి? మన కురుమలు నేసిన గొంగడిని తలచుకొనుడు. వానలో గొంగడి తడియును. అయినను కప్పుకొన్నవానికి వెచ్చగానే యుండును. ఉన్ని సందులలో చిక్కిన గాలియు, ఒంటికంటి కదలక నిలిచిన తేమయు వేడిని పోనీయవు. 1952 ప్రాంతమున కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రజ్ఞుడైన హ్యూ బ్రాడ్నరు ఈ న్యాయముననే రబ్బరుతో ఒక యుడుపును యోచించెను. ఆ రబ్బరులో లెక్కలేని బుడగలుండును. ఉడుపునకును ఒంటికిని నడుమ పలుచని నీటిపొర చేరి, ఒంటి వేడిచే వెచ్చబడి, అక్కడనే నిలుచును. అయితే బిందెలోని గాలి యణగినట్లే లోతున రబ్బరులోని బుడగలును అణగి ఉడుపు పలుచబడును. ఎక్కడ చలి యెక్కువయో అక్కడనే దాని శక్తి తగ్గును. అందుచే మిక్కిలి చల్లని నీటిలో మెడకును మణికట్టులకును నీరు చొరకుండ బిగించిన పొడి యుడుపును తొడిగి, లోపల ఉన్ని దుస్తులు ధరింతురు.

చలి యంత్రమును గూడ విడువదు. సైకిలు చక్రపు గాలి విడుచునప్పుడు వ్రేలికి చల్లగా తగులుట మీరెరుగుదురు. బిగించియున్న గాలి విడివడునప్పుడు చల్లబడును. పది డిగ్రీలకు తక్కువైన నీటిలో రెగ్యులేటరునందు ఈ చల్లదనమునకు మంచు గట్టి, కవాటము తెరచినది తెరచినట్లే యుండిపోవచ్చును. గంట రావలసిన గాలి కొలది నిమిషములలో బుడగలై పోవును. అందుకై అట్టి నీటికి వేరు కవాటములు చేసిరి. ఒకటి చెడినచో రెండవదుండునట్లు ఏర్పరచుకొందురు. జతగాడు తన గాలిని పంచియిచ్చుటను ముందే యభ్యసింతురు.

మన తెలుగుతీరమునకు వత్తము. విశాఖపట్టణము వద్ద సముద్రము పైని వెచ్చగనే యుండును. కాని బంగాళాఖాతమైనను లోతునకు పోయినకొలది చల్లబడును. 1971 డిసెంబరు 3వ తేది రాత్రి తెల్లవారునప్పటికి పాకిస్తాను జలాంతర్గామియైన ఘాజీ ఆ రేవు వెలుపల మునిగినది. మన నౌకాదళమువారి నిస్తార్ అను నౌకనుండి దిగి అడుగున పరిశోధించినవారు ఇట్టి విద్య నేర్చినవారే. ఆ నౌక విశ్రమించినపిమ్మట, అదే పేరుతో విశాఖలోని హిందుస్థాన్ షిప్‌యార్డున నిర్మింపబడిన క్రొత్త నౌక 2025 జులై 18న నౌకాదళమున జేరినది. మూడువందల మీటర్ల లోతువరకు మనుష్యులను దింపి పనిచేయించు సాధనములు అందున్నవి. అంత లోతున నత్రజనికి మారుగా హీలియమను తేలిక వాయువును కలిపి పీల్తురు. హీలియము ఒంటి వేడిని వడిగా హరించును గావున అట్టి పనులలో పైనుండి వేడినీటిని గొట్టముగుండ పంపి ఉడుపులో ప్రవహింపజేయుదురు. నిస్తారమనగా దాటించుట, తరింపజేయుట. మునిగిన జలాంతర్గామిలోనివారిని కాపాడు పనికి తోడ్పడు నౌకకు ఎంత తగిన పేరు!

ఇంత విద్య యున్నను, మన పల్లెలో నీట బడినవానికై దిగువాడు ఒంటిపై గోచి తప్ప ఏమియు లేని గజయీతగాడే. అతని మాట చెప్పుటకే యింత చెప్పితిని.

సుమారు ముప్పదియేండ్ల క్రిందట నేను పనిచేయుచున్న పల్లెలో, వేసవినాడు, పదేండ్ల బాలుడొకడు ఉదయమునుండి కనబడలేదు. మధ్యాహ్నము దాటినపిమ్మట అతని చొక్కా బావిమెట్టుపై దొరికినది. అయిదారు బారల నీరు. ఊరి గజయీతగానిని పిలిపించిరి. అతడు వచ్చి, "పడిశం పట్టి చెవులు దిబ్బళ్ళు పడ్డయి సారూ, ఇయ్యాల దిగలేను" అనెను. గట్టుమీద మేమందరము కేకలు వేసితిమి. ఆ కేకలు వేసినవారిలో నేనును ఒకడను. "పిల్లవాడు నీటిలోనుండగా నీకు చెవిబాధయా?" అన్నది నా నోటిమాటయే. అతని ముసలితల్లి మాత్రము నడుమునకు మోకు కట్టనిదే దిగనీయనని పట్టుబట్టెను. అతడు రెండుసార్లు దిగి, ఒట్టిచేతులతో వచ్చెను. మూడవసారి దిగినవాడు రాలేదు, మోకు కదలలేదు. లాగితిమి. చెవినుండి నెత్తురు, వాంతులు, కన్నులు తిరుగుట. తేరుకొన్నపిమ్మట అతడన్నమాట నేటికిని నా చెవిలో నున్నది: "పైకే వస్తున్ననని బలంకొద్ది ఈదిన సారూ, చేతికి బురద తగిలింది."

ఏమి జరిగినదో తరువాత చదివి తెలిసికొంటిని. చెవి తెరకు వెలుపల నీటి యొత్తిడి పెరుగునప్పుడు, లోపలను సమానమైన గాలి చేరవలెను. అందుకు ముక్కునుండి చెవికొక సన్నని దారి కలదు. ముక్కు మూసి మెల్లగా ఊదినచో, లేదా గుటక వేసినచో అది తెరచుకొనును. నొప్పి పుట్టకముందే, కొన్ని యడుగులకొకసారి ఇట్లు చేయవలెను. పడిశము పట్టినప్పుడు ఆ దారి మూతపడియుండును. ఒత్తిడి సరిపడక తెర చినిగి, చల్లనినీరు నడిమిచెవిలో చొచ్చి, ఆ చల్లదనము లోచెవికి సోకినది. మనకు మీదు క్రిందుల జ్ఞానమునిచ్చు సాధనము లోచెవిలోనే యున్నది. చల్లదనము తగులగనే అది తారుమారై, అతనికి పాతాళమే ఆకాశమైనది. మోకు లేనిచో ఆనాడు ఆ బావినుండి రెండు శవములు వెలువడెడివి. బాలుని మాత్రము పాతాళగరిగెయే పైకి తెచ్చినది. దానిని ముందే వేసియుండవలసినది. గజయీతగానికి ఆ చెవి మరల సరిగా వినబడలేదు. నన్ను చూచినప్పుడెల్ల రెండవ చెవిని నావైపు త్రిప్పి, నవ్వుచునే మాటలాడెడివాడు.

కావున పెద్దలారా, గట్టుమీద మీ మాట చెల్లును గావున మీకు విన్నవించుచున్నాను. పడిశముగాని చెవిపోటుగాని యున్నవానిని దింపకుడు. వాడు దిగలేనన్నచో అది పిరికితనమని యెంచకుడు. నడుమునకు మోకును, గట్టుమీద దానినే చూచుచుండు మనుష్యుడును లేక ఎవరిని దింపకుడు. నీట పడినవాడు పడిన కొలది నిమిషములలోనైనచో త్వరపడుడు. గంటలు గడచినచో త్వరపడకుడు. అగ్నిమాపక దళమునకు వర్తమానమంపి, గరిగెలతో వెదకుడు. పోయిన ప్రాణమునకై ఉన్న ప్రాణమును వెచ్చింపకుడు. మునుగు పందెములు వేయు పిల్లలను, వడివడిగా ఊపిరి తీయువానిని ముఖ్యముగా, గట్టెక్కింపుడు.

మీ బిడ్డలలో నెవరైన విశాఖలోనో అండమాను దీవులలోనో దూరదేశములలోనో స్కూబాకు పోవుచున్నచో వారింపవలసిన పనిలేదు. అది చక్కని విద్య. గురువునొద్ద క్రమముగా నేర్చుకొమ్మనుడు. ఊపిరి బిగబట్టవద్దనుడు. లోతునుండి నెమ్మదిగా రమ్మనుడు. మునిగిన పిమ్మట ఒక దినమైన గడవక విమానమెక్కవద్దనుడు. ఆకాశమున గాలి యొత్తిడి తగ్గును గావున ఒంటిలో మిగిలిన నత్రజని అక్కడ బుడగలు కట్టవచ్చును. అడుగున దిక్కు తోచనప్పుడు బుడగలు పోవు వైపే పైకి దారియని చెప్పుడు. మా పల్లెటూరి యీతగానికి ఆనాడీ మాట చెప్పినవాడు లేకపోయెను. చెప్పదగిన వయస్సును చదువును గల నేను గట్టుమీద నిలిచి కేకలు వేయుచుంటిని.

దుర్యోధనునకు మంత్రముండెను. మనకు లేదు. ఉన్నది లెక్కయు, మోకును, గట్టుమీది పెద్దల వివేకమును. ఇవి మూడును ఉన్నచోట నీరు మనకు మిత్రమే.